అక్కడ అంటే ఎక్కడ?

రొమ్ము అనే మాట లేకుండా తెలుగునాట ఎన్నికలు జరగవు. టికెట్టు దక్కని పెద్దమనిషి పొద్దున కండువా మారిస్తే, సాయంత్రానికల్లా పాత పార్టీవాళ్లు మైకు పట్టుకుని "తల్లిపాలు తాగి రొమ్ము గుద్దాడు" అని శాపనార్థాలు పెడతారు. మర్నాడు పేపర్లో ఆ మాట లావుపాటి అక్షరాల్లో వస్తుంది. తాతగారు పైకి చదువుతారు, కోడలు కాఫీ ఇస్తూ వింటుంది, ఎవరికీ పొలమారదు. సినిమాలో వీరుడు రొమ్ము విరుచుకుని నిలబడతాడు. చావింట్లో రొమ్ము బాదుకుని ఏడుస్తారు. ఇంత పరువూ ప్రతిష్ఠా ఉన్న మాట, పదిహేడేళ్ల ఆడపిల్ల తన ఒంటి గురించి తాను చెప్పుకోవాల్సి వచ్చేసరికి బూతైపోతుంది.

"పిన్నీ, నాకు అక్కడ ఏదో ఉంది."

మా అక్క కూతురు చిట్టి ఫోన్లో అన్న మాట ఇది. విజయవాడ పొలిమేరలో, నిన్నమొన్నటిదాకా వరి పండిన చేలో అయిదంతస్తులు లేపిన ఒక కాలేజీ హాస్టల్లో ఉంటుంది. పొద్దున అయిదున్నరకి బెల్లు, రాత్రి పదిన్నరకి లైట్లార్పు, నడుమ అంతా నీట్. పదిహేను రోజులకోసారి వార్డెన్ గారి ఫోన్లో పది నిమిషాలు మాట్లాడనిస్తారు. స్పీకరు పెట్టి మాట్లాడాలని రూలు. వెనకాల వరసలో పాతికమంది.

"ఎక్కడే?"

"అక్కడే."

"కడుపులోనా?"

"కొంచెం పైన."

"గుండెల్లోనా?"

"ఆ పక్కన. ఎడమవైపు."

మేమిద్దరం ఊరు దాటి, పేట దాటి, సరైన వీధి మొగలోకి వచ్చేసరికి పది నిమిషాలు అయిపోయాయి. తర్వాతి పిల్ల ఫోను లాక్కుంది.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఈ పిల్ల బైపీసీ సెకండియర్. నిద్రలో లేపి అడిగినా చెప్తుంది: ఒక్కో క్షీరగ్రంథిలో 15 నుంచి 20 లోబులుంటాయి, లోబుల్లో ఆల్వియోలై, అక్కణ్ణుంచి ట్యూబ్యూళ్లు, ట్యూబ్యూళ్లు కలిసి డక్టు, డక్టులు కలిసి యాంపుల్లా, ఆ పైన లాక్టిఫెరస్ డక్టు. వరస తప్పకుండా పెడితే నాలుగు మార్కులు, తప్పితే మైనస్ ఒకటి. ఆ యాంపుల్లాకి నాలుగు వేళ్ల అవతల, స్నానం చేస్తుంటే, గోలీకాయంత గడ్డ చేతికి తగిలితే ఎవరికి చెప్పాలన్నది మాత్రం సిలబస్‌లో లేదు. 720 మార్కుల్లో దానికి ఒక్క మార్కూ కేటాయించలేదు. అందుకని చిట్టి కూడా దాన్ని వదిలేసింది. పరీక్షలో రాని ప్రశ్న మీద టైము తగలెయ్యకూడదని వాళ్ల లెక్చరర్లు రోజూ చెప్పేదే.

కానీ పూర్తిగా వదిలెయ్యలేక వారం తర్వాత సిక్‌రూముకి వెళ్లింది. "మేడమ్, చెస్ట్‌లో ఏదోలా ఉంది" అంది. సిక్‌రూమ్ మేడమ్ గ్యాస్ బిళ్ల ఇచ్చింది. ఆ హాస్టల్ సాంబారు తిన్నవాళ్లకి అది న్యాయమైన వైద్యమే. మరో వారానికి మళ్లీ వెళితే ఈసారి "చెస్ట్" అన్నందుకు పక్క ఆస్పత్రికి పంపి ఈసీజీ తీయించారు. ఈసీజీ అంటే తెలుసుగా, ఛాతీ మీద ఆరు చోట్ల రబ్బరు బుడ్లు అంటిస్తారు. ఆరు చోట్ల అంటించిన మనిషి ఏడో చోట ఏమిటమ్మా అని అడగలేదు. ఈ పిల్లా చెప్పలేదు. కాగితం బయటికొచ్చింది. గుండె గడియారంలా కొట్టుకుంటోంది. "నార్మల్, స్టడీ అవర్‌కి వెళ్లు" అన్నారు. ఒక ఆడపిల్లకి రొమ్ములో గడ్డ ఉందని చెప్పడానికి నోరు రాక ఆమె గుండెకి పరీక్ష జరిపించిన ఘనత మన భాషది.

దసరా సెలవులకి తెనాలి వచ్చినప్పుడు గానీ నాకు అసలు విషయం తెలియలేదు. అది మేడ మీద బట్టలు ఆరేస్తూ, క్లిప్పు నోట్లో పెట్టుకుని, నా మొహం చూడకుండా చెప్పింది. నేను మా అక్కకి చెప్పాను. అక్క అమ్మకి చెప్పింది. అమ్మ అన్నయ్యకి చెప్పింది. అన్నయ్య బావకి చెప్పాల్సింది పోయి వాళ్లావిడకి చెప్పాడు. రాత్రి భోజనాలయ్యాక నట్టింట్లో సభ జరిగింది. చిట్టిని మాత్రం సభలోకి రానివ్వలేదు. పెళ్లికాని పిల్ల వినాల్సిన మాటలు కావట.

అమ్మ మొదట అందుకుంది. "బాలింతరాలికైతే పాలగడ్డ అనుకోవచ్చు, కన్నెపిల్లకి గడ్డేంటే" అంది. ఆముదం వెచ్చజేసి రాయమంది. రెండ్రోజుల్లో తగ్గకపోతే సున్నం బెల్లం పట్టు వెయ్యమంది. అన్నయ్య తన ఫోన్లో వచ్చిన విజ్ఞానమంతా విప్పాడు. లోపలి బట్టల్లో ఇనుపతీగ ఉంటే వస్తుందట, నల్లరంగువైతే ఇంకా వస్తుందట, ఎవరో చెన్నై డాక్టరు చెప్పాడట. ఈ రెంటికీ రుజువు లేదన్నాను. "నువ్వేమన్నా డాక్టరువా?" అన్నాడు. అన్నయ్యా కాదు, ఇన్‌కంటాక్స్ ప్రాక్టీసు. వదిన చిన్న గొంతుతో అసలు విషయం తేల్చింది: "రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరైనా అడిగితే?" పదిహేడేళ్ల పిల్ల. ఎంబీబీఎస్ సీటుకే దిక్కులేదు, అప్పుడే గడ్డకి కట్నం కట్టేశారు.

బావ సంగతి చెప్పాలి. బావ మంచివాడు. కూతురి మార్కులు రెండు దశాంశాల వరకూ చెప్పగలడు. సభ మొదలై, అమ్మ నోట "పాలగడ్డ" అన్న మాట వినపడగానే లేచి, ఫోను చెవికి పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. ఫోను మోగలేదు. అరగంట తర్వాత గుమ్మంలోంచి తల మాత్రం లోపలికి పెట్టి ఒక్కటే అడిగాడు: "చదువుకేమన్నా ఇబ్బందా?"

నాకు మండుకొచ్చింది. మన ప్రబంధ కవులు గుర్తొచ్చారు. కొండలన్నారు, కుండలన్నారు, జక్కవ పిట్టలన్నారు, బంగారు బంతులన్నారు, ఏనుగు కుంభస్థలాలన్నారు. ఆ బరువుకి నడుం ఏమైపోతుందోనని పద్యాలకు పద్యాలు బెంగపెట్టుకున్నారు. అన్ని వందలేళ్లు అంత తదేకంగా చూసి రాసినవాళ్లలో ఒక్కడూ ఆ కొండలో ఒక గులకరాయి తగలొచ్చని రాయలేదు. చూసేవాడికి నూటొక్క మాటలు, మోసేదానికి ఒక్క మాట లేదు. ఒకావిడ నోరు విప్పి రాస్తే ఏమైందో కూడా తెలుసు. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో మళ్లీ అచ్చువేయించింది. ఆడదాని నోట రాదగ్గ మాటలు కావని కందుకూరివారు అంతకుముందే ఈసడించారు. మగకవుల శృంగారానికి రాని జ్వరం ఈ పుస్తకానికి వచ్చి, పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. ప్రకాశం పంతులుగారు మద్రాసుకి ప్రధాని అయ్యాక గానీ నిషేధం పోలేదు. పుస్తకం మీద నిషేధం ఎత్తడానికి ఒక పంతులుగారున్నారు. మా నట్టింట్లో నిషేధం ఎత్తడానికి ఏ పంతులుగారొస్తారు?

సినిమాల సంగతి సరేసరి. పాటలో హీరోయిన్ మీద బత్తాయిల బుట్ట బోర్లించిన కాలంలో మేమంతా తెనాలిలో బెంచీ టికెట్టు కొనుక్కుని కుటుంబ సమేతంగా చూశాం. అప్పుడు బావ వరండాలోకి వెళ్లలేదు.

మర్నాడు గుంటూరులో ఒక పెద్దాస్పత్రికి బయల్దేరాం. గాజు తలుపులు, కింద పాలరాయి, లోపల గడ్డకట్టే చలి. రిసెప్షన్ పిల్ల కంప్యూటర్లోంచి తలెత్తకుండా "కంప్లైంటేంటి మేడమ్?" అంది. మా అక్క వెనక్కి చూసింది. వెనకాల పాతికమంది. "జనరల్ వీక్‌నెస్" అంది. అలా మాకు జనరల్ మెడిసిన్ టోకెన్ దొరికింది. గంటన్నర కూర్చున్నాక ఒక కుర్ర డాక్టరు చిట్టి కళ్ల కింద రెప్ప లాగి చూసి, రక్తం తక్కువుందని బీ కాంప్లెక్సు రాశాడు. నేను కలగజేసుకుని విషయం చెప్తే, పాపం అతనికే చెమటపట్టింది. "అది ఆడవాళ్ల డాక్టరు చూడాలి మేడమ్" అన్నాడు.

ఆడవాళ్ల రోగమేదైనా ఆడవాళ్ల డాక్టరే చూడాలనేది మనవాళ్ల సిద్ధాంతం. నిజానికి రొమ్ములో గడ్డ చూసేది సర్జను. కానీ మేం రెండో అంతస్తుకి వెళ్లాం, గర్భిణుల మధ్య కూర్చున్నాం. పదిహేడేళ్ల చిట్టిని అందరూ ఎగాదిగా చూశారు, ఆ చూపుల్లో ఎవరి లెక్క వాళ్లది. లోపల డాక్టరమ్మ నెలసరి గురించి అడిగింది, "పెళ్లయిందా?" అని అడిగింది, చెయ్యి వేసి చూడకుండానే "ఈ వయసులో మామూలే, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి" అంది. మామూలే అన్న ముక్క నిజమేనని తర్వాత తేలింది. కానీ తాకని గడ్డ మామూలుదో కాదో ఆవిడకి ఎలా తెలిసిందో, జ్యోతిషం కూడా చదువుకుందేమో. పెళ్లి మాత్రం మన దేశంలో మొటిమల దగ్గర్నుంచి మూర్ఛ దాకా అన్నింటికీ పనిచేసే మందు. ఇంతవరకూ ఏ మెడికల్ షాపులోనూ అమ్మడం లేదంతే.

బయటికి రాగానే చేతిలో ఫైలు పట్టుకున్న ఒకమ్మాయి మమ్మల్ని పట్టుకుంది. ఆడవాళ్లకి ప్రత్యేక ప్యాకేజీ ఉందట, అక్టోబరు రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల కాబట్టి సగం ధరట. అందులో థైరాయిడ్డు, షుగరు, ఎముకల సాంద్రత, మామోగ్రామ్, చివర్లో గులాబీరంగు టోపీ ఉచితం. పదిహేడేళ్ల పిల్లకి ఎముకల సాంద్రత దేనికమ్మా అంటే "అన్నీ కలిపే వస్తాయి మేడమ్, విడిగా తీసెయ్యలేం" అంది. బావ క్రెడిట్ కార్డు తీశాడు. మనిషికి మాట రానప్పుడు కార్డు వస్తుంది. నేను అడ్డుపడి అందర్నీ ఆటో ఎక్కించాను.

కొత్తపేట సందులో, మందుల షాపు పక్కన మెట్లెక్కితే ఒక పాత క్లినిక్ ఉంది. సర్జనమ్మకి అరవై దాటి ఉంటాయి. గదిలో ఒక మంచం, ఒక తెర, వయసు మళ్లిన ఒక నర్సు. ముందు మమ్మల్నందర్నీ బయట కూర్చోమని చిట్టితో ఒక్కదానితోనే మాట్లాడింది. తర్వాత చిట్టే నన్ను లోపలికి పిలిపించుకుంది. ఆవిడ రెండు చేతులూ రుద్దుకుని వెచ్చజేసుకుంటోంది.

"చెయ్యి పెట్టి చూడనా అమ్మా?"

నాకు తెలిసి ఈ మొత్తం వ్యవహారంలో చిట్టిని ఎవరైనా అనుమతి అడగడం ఇదే మొదటిసారి. ఆఖరిసారి నెలసరి ఎప్పుడొచ్చింది, గడ్డ అప్పుడు పెద్దదవుతోందా, నొప్పి ఉందా, చనుమొన నుంచి ఏమన్నా కారుతోందా, ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా అని అడిగింది. ఆ ఆఖరి ప్రశ్నకి చిట్టి లేదంది. నేను నేల చూశాను, ఆ తర్వాత ఉందని చెప్పాను. ఆవిడ రాసుకుంది. ఎడమ భుజం కింద చిన్న దిండు పెట్టి, చెయ్యి తల వెనక్కి పెట్టుకోమంది. నడిమి మూడు వేళ్ల మెత్తటి భాగంతో, గంధం అరగదీసినట్టు, చిన్న చిన్న సున్నాలు చుట్టుకుంటూ వచ్చింది. ఎక్కడా నొక్కి పట్టుకోలేదు, పిండలేదు. ఒకచోట ఆగింది. వేలితో ఇటు నెడితే అటు జారింది, అటు నెడితే ఇటు జారింది.

"పారిపోతోంది చూడు. అందుకే దీనికి ఇంగ్లీషు డాక్టర్లు రొమ్ములో ఎలుక అని పేరు పెట్టారు. నీ వేలు ఇటివ్వు."

చిట్టి వేలు అక్కడ పెట్టింది. ఎలుక జారింది. మూడు నెలల తర్వాత ఆ పిల్ల మొహంలో నవ్వు చూశాను. చంకల్లో కూడా తడిమి చూసి, పక్క గదిలోనే స్కానింగ్ చేయించింది. చల్లటి జెల్లీకి చిట్టి ఉలిక్కిపడింది. తెర మీద బూడిదరంగు పొరల మధ్య అడ్డంగా పడుకున్న చింతగింజలాంటి నల్లటి మచ్చ. అంచులు నున్నగా ఉన్నాయి. నిడివి 18 మిల్లీమీటర్లు. దాని పేరు ఫైబ్రోఎడినోమా.

బావని లోపలికి పిలిచారు. వచ్చి గోడ చూశాడు. గోడ మీద రొమ్ము నిలువుకోత బొమ్మ ఉంది. అక్కణ్ణుంచి చూపు ఫ్యాను మీదికి మార్చాడు. సర్జనమ్మ ఆ ఫ్యానుకే చెప్పాల్సివచ్చింది. ఈ వయసులో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం ఇవేనని, ఎదిగే వయసులో ఒంట్లో హార్మోన్ల జోరుకి రొమ్ము కణజాలం ఒకచోట ముద్దకడుతుందని, ఇది క్యాన్సర్ కాదని, ఈ వయసులో రొమ్ము క్యాన్సర్ అత్యంత అరుదని చెప్పింది. ఆరు నెలల తర్వాత మళ్లీ ఒక స్కాను చేస్తే చాలట. చాలా గడ్డలు అలాగే ఉండిపోతాయి, కొన్ని వాటంతటవే చిన్నవైపోతాయి. గబగబా పెరిగినా, అయిదు సెంటీమీటర్లు దాటినా, పిల్లకి ఇబ్బందిగా ఉన్నా అప్పుడు తీసెయ్యొచ్చు. అనుమానముంటే సూదితో ముక్క తీసి పరీక్షకి పంపుతారు. రాయిలా గట్టిగా కదలకుండా ఉండటం, చర్మం లోపలికి గుంటపడటం, చనుమొన నుంచి రక్తం రావడం, ఎర్రగా వాచి జ్వరం రావడం, ఇవి కనబడితే ఆరు నెలలు ఆగకుండా ఆ రోజే రమ్మంది.

"మామోగ్రామ్ తియ్యక్కర్లేదా? ప్యాకేజీలో ఉందన్నారు" అన్నాడు బావ ఫ్యానుతో.

"ఈ వయసులో రొమ్ము చిక్కగా ఉంటుంది సార్, మామోగ్రామ్‌లో అంతా తెల్లగా కనబడుతుంది, పాలల్లో ముగ్గు వెతికినట్టు. పైగా రేడియేషన్ ఊరికే. స్కానింగే సరైనది." కళ్లజోడు తుడుచుకుంటూ ఇంకో మాట చెప్పింది. తొమ్మిది, పదేళ్ల పాపలకి ఒకవైపు చనుమొన కింద గట్టిగా బిళ్లలా తగులుతుంది. రొమ్ము అప్పుడే మొగ్గ తొడుగుతోందన్నమాట. ఒక్కోసారి రెండోవైపు మొలవడానికి కొన్ని నెలలు పడుతుంది. తల్లులు దాన్ని గడ్డనుకుని కోసెయ్యమని తీసుకొస్తారట. కోస్తే ఇక ఆ వైపు రొమ్మే రాదు. "మొగ్గ ఏదో గడ్డ ఏదో తెలియనివాళ్లు కత్తి చేతికిమ్మంటారండీ" అంది. నర్సు నవ్వింది. వాళ్లిద్దరూ ఇది చాలాసార్లు చూసినట్టున్నారు.

ఫీజు 400, స్కానింగ్ 1200. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. అందులో ఇరవై నిమిషాలు బావ గొంతు సవరించుకోవడానికి.

దిగేటప్పుడు అక్క మెట్ల మీదే దణ్ణం పెట్టుకుంది. ఇంటికి రాగానే అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. తన ఆముదమే పనిచేసిందంది. అంతా అయ్యాక అక్క నన్ను వంటింట్లోకి లాగి, "ఇంక ఈ సంగతి ఎక్కడా ఎత్తకే" అంది. గడ్డ ఏమిటో తేలకముందు చెప్పకూడదు. ప్రమాదం లేదని తేలాక అసలే చెప్పకూడదు.

సర్జనమ్మ ప్రశ్నకి నేను నేల చూశానన్నానే, ఆ సంగతి. మా మేనత్తకి నలభయ్యారేళ్లప్పుడు గడ్డ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. గడ్డ పుండైంది. పాత నూలు చీర ముక్కలు మడిచి జాకెట్లో పెట్టుకునేది. ఆవిడ గదిలో పొద్దునా సాయంత్రం అగరొత్తులు వెలిగేవి, ఒకటీ రెండూ కాదు, కట్టలు కట్టలు. అత్తకి భక్తి ముదిరిందని ఇంట్లో మురిసిపోయారు. అది భక్తి కాదు, వాసన. మనవరాలు ఒళ్లో పడుకోబోయి "అమ్మమ్మా, ఏంటది?" అన్నరోజున బయటపడింది. అప్పటికే ఎముకల్లోకి పాకింది. తర్వాతి సంక్రాంతి చూడలేదు. ఏం జబ్బని అడిగినవాళ్లకి మా ఇంట్లో చెప్పిన పేరు కామెర్లు. ఇప్పటికీ మా వంశవృక్షంలో ఆవిడ కామెర్లతోనే పోయింది. అందుకే చిట్టికి ఇంట్లో ఎవరికీ లేదని తెలుసు.

ఆవిడకి పదిహేడేళ్లప్పుడు కూడా ఒక గడ్డ వచ్చిందని, తనే చెప్పకుండా దాచుకుందని, రెండేళ్లకి పోయిందని ఆఖరి రోజుల్లో నాతో అంది. మొదటిసారి దాచితే పోయింది కాబట్టి రెండోసారీ పోతుందనుకుందట. ఇంతకీ నా సంగతి. 1994లో నేను ఇంటర్లో ఉండగా నాకూ వచ్చింది, నేనూ దాచుకున్నాను, నాదీ పోయింది. మా ఆయనకి కూడా ఈ పేజీ చదివాకే తెలుస్తుంది. పదిహేడో ఏట వచ్చే గడ్డ నూటికి తొంభైపాళ్లు ఏమీ చెయ్యదని ధైర్యంగా చెప్పుకుందాం. ఆ గడ్డతోపాటు ఇంట్లో వాళ్లు నేర్పే నోరుమూసుకునే విద్య ఉందే, అది కరగదు. ఆరు నెలలకోసారి ఎవరూ దానికి స్కానింగ్ తియ్యరు.

2022లో మన దేశంలో కొత్తగా దాదాపు 1,92,000 మంది ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్ బయటపడిందని, ఆ ఏడాది దాదాపు 98,000 మంది దానితో పోయారని ప్రపంచ క్యాన్సర్ లెక్కలు చెప్తున్నాయి. చాలామంది వచ్చేసరికే ముదిరి ఉంటుంది. దీనికి పెద్ద యంత్రాలే కావాలా అంటే, ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ వాళ్లు 1998 నుంచి ఇరవయ్యేళ్లపాటు, లక్షన్నర మందికి పైగా ఆడవాళ్ల మీద ఒక పరిశోధన చేశారు. సగంమందిని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి వట్టి చేతులతో పరీక్షించారు. యాభై దాటినవాళ్లలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో ప్రకటించారు. వట్టి చేతులు. మనకి లేనివి అవే.

సర్కారు వారిని అనకూడదు, వాళ్లు చెయ్యాల్సినవన్నీ కాగితం మీద చేశారు. ముప్ఫై దాటిన ఆడవాళ్లందరికీ ఆరోగ్య కేంద్రాల్లో రొమ్ము పరీక్ష జరగాలని 2016 నుంచి నిబంధన ఉంది. ముప్ఫయ్యేళ్లు నోరు కుట్టి పెంచిన మనిషి దగ్గరికి ముప్ఫై ఒకటో ఏట నర్సమ్మ వచ్చి "ఏమన్నా గడ్డ ఉందా అమ్మా?" అంటే, పైట సర్దుకుని "అబ్బే, ఏం లేదండీ, కాఫీ తాగుతారా?" అంటుంది. 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్ అని ఇంకోటి పెట్టారు. ఆ పేరు చెప్తే చిట్టి "కిశోర్ ఎవరు పిన్నీ?" అంది.

అక్టోబరు వస్తే మాత్రం లోటుండదు. హైదరాబాదులో చార్మినార్‌కి గులాబీ దీపాలు వేస్తారు. తెలంగాణలో గులాబీ అంటే పార్టీ జెండా రంగు కూడా, దూరాన్నుంచి చూసి ఎవరి సభో అనుకునేవాళ్లూ ఉంటారు. చిట్టి వాళ్ల కాలేజీలోనూ అవగాహన దినం జరిపారట. అందరికీ గులాబీ రిబ్బను గుచ్చారు. అది సరిగ్గా ఎడమవైపు, గడ్డకి రెండంగుళాల పైన. ముఖ్య అతిథి ముప్పావుగంట మాట్లాడాడు. "ఆ వ్యాధి" అన్నాడు, "ఈ మహమ్మారి" అన్నాడు, "మాతృమూర్తుల సమస్య" అన్నాడు. రొమ్ము అన్న మాట ఒక్కసారీ రానివ్వలేదు. వేదిక దిగి వెళ్తూ ఆడపిల్లలు మొహమాటపడకూడదని చెప్పి వెళ్లాడట.

సెలవులు అయిపోయే ముందురోజు రాత్రి ఇంకో చిత్రం జరిగింది. చిట్టి తమ్ముడు తొమ్మిదో తరగతి. వేసవిలో కూడా మందంపాటి చొక్కా మీద చొక్కా వేసుకుంటాడు, కాలవలో ఈతకి రమ్మంటే జలుబంటాడు. నా పక్కకి చేరి, గోడ కేసి చూస్తూ, "పిన్నీ, మగాళ్లకి కూడా అక్కడ ఉంటుందా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే చిట్టి అందుకుంది. "అక్కడేంట్రా, రొమ్ము అనలేవా?"

వాడికి ఏడాదిగా రెండువైపులా చనుమొనల కింద బిళ్లల్లా లేచి, తాకితే నొప్పిగా ఉందట. క్లాసులో ఒక ఆడపిల్ల పేరు పెట్టి పిలుస్తున్నారట. సర్జనమ్మకి ఫోన్ చేశాను. ఎదిగే మగపిల్లల్లో దాదాపు సగంమందికి ఇలా వస్తుందని, చాలామందికి ఏడాది రెండేళ్లలో అదే పోతుందని, అయినా ఒకసారి తీసుకొచ్చి చూపించమని చెప్పింది. ఈ సంగతి బావతో అన్నాను. బావ ఫోను చెవికి పెట్టుకున్నాడు. ఆ వరండా గచ్చు ఎప్పటికైనా మళ్లీ వేయించాల్సిందే.

మొన్న అక్కావాళ్లింటికి వెళ్లాను. వంటింటి గోడకి వెంకట్రామా క్యాలెండర్ వేలాడుతోంది. పాలవాడి లెక్కలు, గ్యాస్ బండ మార్చిన తేదీ, చిట్టి ప్రాక్టికల్సు. ఏప్రిల్ కాగితం కిందికి మడిచి చూస్తే, స్కానింగ్ తేదీ గడిలో అక్క ఎర్రసిరాతో రాసింది: "పాప, పళ్ల డాక్టరు."

"ఇదేంటక్కా?"

"పక్కింటావిడ పాలకని వస్తుంది కదే, చూస్తుంది. మొన్న చూసింది కూడా. పాపకి ఏ పన్నని అడిగింది."

"ఏం చెప్పావు?"

"పై దవడ అన్నాను." కాస్సేపాగి, కూరలో గరిటె తిప్పుతూ, "ఎడమవైపని చెప్పాలే," అంది.